ఫ్యాన్ చప్పుడు ఉంచేసిన పాట

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం, పటమటలోని మా ఇంట్లో, నా భార్య కన్నుమూసింది. గుండెపోటు. ఆమె పాటలు విన్నవాళ్లు చాలామంది ఫోన్ చేశారు. ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు ఆమె రాక్ బ్యాండ్ గాయనిగా తెలుసు. విజయవాడ కాలేజీల వార్షికోత్సవాల్లో పదహారేళ్లు పాడింది. డ్రమ్సునూ గిటార్లనూ దాటి వచ్చే గొంతు. ఇంట్లో మాత్రం పాలవాడిని కూడా గట్టిగా పిలిచేది కాదు. "అరుపులన్నీ స్టేజికి దాచుకుంటానండీ" అనేది.

మూడేళ్ల క్రితం ఆ గొంతు దెబ్బతింది. స్వరపేటిక మీద కణుతులు లేచాయని, ఇక అరిచి పాడకూడదని డాక్టరు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కటే అడిగింది: "అరవకపోతే నేను సింగర్నేనా అండీ?"

ఆ నెలలోనే పామర్రులో ఆమె పుట్టింటివాళ్ల చర్చికి కొత్త కీబోర్డు కొన్నారు. పాతది అడిగి తెచ్చుకుంది. చిన్నప్పుడు ఆమె పాడటం నేర్చింది ఆ పెట్టె పక్కనే. అందులో రెండు మెట్లు నొక్కినా పలకవు. దానికి కంప్యూటరు తగిలించి, తనొక్కతే ఒక ఆల్బమ్ చేస్తానంది. గిటారు లేదు, డ్రమ్స్ లేవు. అన్నీ కీబోర్డు పుట్టించే సింథ్ శబ్దాలే. వాటి మీద చెవిలో చెప్పినట్టు మెల్లగా పాడాలి.

బ్యాండులో గిటారు వాయించే అతను వచ్చి చూసి నవ్వాడు.

"ఏంటక్కా ఇది, బటన్ నొక్కితే అదే వాయించుకుపోద్ది. క్రిస్మస్ ప్రోగ్రామా? బావగారూ, మీరైనా చెప్పండి."

"నీ గిటార్‌కి కరెంటు పీకేస్తే ఏం వినపడుద్దిరా? కాఫీ తాగి వెళ్లు" అంది.

అతను వెళ్లాక ఆ రోజంతా కీబోర్డు ముట్టుకోలేదు. మర్నాడు ఉదయమే కూర్చుంది.

ఒక్క శబ్దం కోసం మూడు రోజులు కూర్చోగలదు. కాలవకి నీళ్లు వదిలినప్పుడు లాకుల దగ్గర వినిపించే హోరు ఆ పెట్టెలోంచి రావాలంది. వచ్చింది.

పాడి రికార్డు చేసేది వేసవి మధ్యాహ్నాల్లో. మా వీధిలో ఆటోలు తగ్గేది అప్పుడే. వేరే చప్పుడు మైకులో పడకుండా కిటికీలు మూసి, పరుపు గోడకి నిలబెట్టి, ఫ్యాన్ ఆపేసేది. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. చివరి పాట నాడు చూడలేకపోయాను. ఆమె కళ్లు మూసుకుని పాడుతోంది. గడ్డం మీదుగా చెమట కారుతోంది. లేచి స్విచ్ వేశాను. మా ఫ్యాన్ రెండులో పెడితే టక్, టక్ అంటుంది.

పాట పూర్తిచేసి కళ్లు తెరిచింది.

"ఏవండీ! వారం నుంచి రాని టేకండీ ఇది!"

"చెమటకి తడిసి ముద్దయ్యావు."

"అయితే? కరిగిపోతానా?"

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఇయర్‌ఫోన్ ఒకటి తెచ్చి నా చెవిలో పెట్టింది. ఫ్యాన్ చప్పుడు అలాగే ఉంది. పాట నడకంతా దానికి సరిపెట్టి, చుట్టూ సింథ్ అల్లింది.

"యంత్రం తప్పు చెయ్యదండీ. మీరొక్కరైనా చెయ్యాలిగా" అంది.

ఆల్బమ్ బయటికొచ్చాక గిటారతను ఫోన్ చేశాడు. ఈసారి నవ్వలేదు.

"అక్కా, నీ గొంతులో ఇది కూడా ఉందని మాకెందుకు చెప్పలేదు? ఆఖరి పాటలో ఆ బీట్ ఏ మెషీన్‌ది?"

"మీ బావగారిది" అంది.

ఆటోలో అడిగిన ప్రశ్న ఆమె మళ్లీ అడగలేదు.

ఆమె పోయాక పలకరించడానికి వచ్చిన బంధువొకాయన ఆ గదిలో కూర్చుని, "ఫ్యాన్ బాగు చేయించకపోయారా?" అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

మధ్యాహ్నం పూట దాన్ని రెండులో పెట్టి కూర్చుంటాను. కీబోర్డు మీద ఆమె చున్నీ కప్పి ఉంది. గాలికి దాని అంచు లేస్తుంది. పలకని ఆ రెండు మెట్లు కనిపిస్తాయి. మళ్లీ మూసుకుంటాయి.