ఎంగిలి తూకం

మార్చి 11, మంగళవారం, పగలు 11 గంటల 40 నిమిషాలు. ఓడల మరమ్మతు కేంద్రం వసతి గృహంలోని వంటగదిలోకి నేను అడుగుపెట్టేసరికి పొయ్యి మీద ఇరవై లీటర్ల గిన్నెలో బీట్‌రూట్ పులుసు ఉడుకుతోంది. గోడకు ఒకే కొలతలో మూడు గడియారాలున్నాయి, పొయ్యికొకటి చొప్పున. వంటామె మధ్య గడియారాన్ని చూస్తోంది. నన్ను చూడలేదు.

నా చేతిసంచిలో ఒక ఆకాశరామన్న ఉత్తరం ఉంది. అందులో ఉన్నది నాలుగు వాక్యాలే. "ఇక్కడి వంటామె నిన్నటి ఎంగిలి ఇవాళ వడ్డిస్తోంది. పళ్ళేల్లో మిగిలింది డబ్బాల్లోకి ఎత్తి, సామాన్ల గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టుకుంటుంది. తను వండింది తను ఒక్కనాడూ రుచి చూడదు. ఎందుకు చూడదో మీరే అడగండి." ఆహార తనిఖీ మా శాఖ పని. ఈ ఆరోపణ రుజువైతే ఆ వంటగదికి సీలు వేసి, ఆమె వంట యోగ్యతా పత్రాన్ని రద్దు చేయాలి. ఆ పత్రం ఒకసారి రద్దయితే మళ్ళీ ఇవ్వరు. ఆమెకు యాభై రెండేళ్ళు.

ఆమెను అక్కడందరూ తూకాలక్క అంటారు. ఇక్కడికి రాకముందు పదకొండేళ్ళు పశువుల దాణా మిల్లులో తూకం గుమాస్తాగా పనిచేసింది. గత తొమ్మిదేళ్ళుగా ఐదు దేశాల నుంచి వచ్చిన ముప్పై ఒక్కమంది పనివాళ్ళకు వండిపెడుతోంది. వారంలో ఒక్కో రోజు ఒక్కో దేశపు ఇంటివంట. సోమవారం పెయింటర్ ఊరి వేరుశనగ ముద్దతో కోడికూర. బుధవారం క్రేన్ ఆపరేటర్ ద్వీపంలోని కొబ్బరిపాల చేప. గురువారం ఫిట్టర్ ఇంట్లో చేసే ద్రాక్ష ఆకుల అన్నపు చుట్టలు. శుక్రవారం స్టోర్ కీపర్ వాళ్ళ నల్లచిక్కుడు గింజల కూర. మంగళవారం మాత్రం మంచుదేశపు వెల్డర్‌ది. ఎముకల రసం, బీట్‌రూట్, క్యాబేజీ, పైన ఒక చెంచా పుల్లటి మీగడ.

12 గంటల 5 నిమిషాలకు పక్క పొయ్యి మీద ఉల్లిపాయ మాడింది. ఆ వాసన నాకు తెలిసింది. నాకూ పొయ్యికీ మధ్య నాలుగు మీటర్లుంటుంది. తొట్టి దగ్గర గిన్నెలు తోమే ఆవిడను అందరూ పిన్ని అంటారు. ఆవిడ ఇంకా దూరంలో ఉండి కేక వేసింది.

"అక్కా! అడుగంటుతోంది, చూడు!"

వంటామె పొయ్యికి అరమీటరు దూరంలో నిలబడి ఉంది. ఆమె తల తిప్పి మొదట చూసింది గిన్నె వంక కాదు, మూడో గడియారం వంక.

"ఇంకా నిమిషమున్నర ఉందే! మంట ఎవరు పెంచారు?"

"ఉల్లిపాయ తొందరగా వేగుతుందని నేనే పెంచాను. మొగుణ్ణి అడిగినట్టు గడియారాన్ని అడుగుతావేంటక్కా, ముక్కు లేదా?"

వంటామె నవ్వలేదు. పిన్ని నవ్వింది. నేను ఆ దూరాలు రెండూ రాసుకున్నాను. ముందున్న పనిమీద ధ్యాస లేని మనిషికి ధ్యాస మరెక్కడో ఉండాలి. ఆ మరెక్కడో ఏమిటో కనిపెట్టడం నా పని.

"మీరొకసారి రుచి చూడండి" అన్నాను.

"నేను చూడను సార్."

"ఎందుకని?"

"వంటవాళ్ళు రుచి చూస్తే ఎంగిలంటారు, చూడకపోతే విషమంటారు. రెండు నిందల్లో చవకైనది పడుతున్నాను."

జవాబు మరీ సిద్ధంగా ఉంది. ముందే వండి ఉంచిన జవాబులను నేను నమ్మను.

ఒంటిగంటకు భోజనాలయ్యాయి. ఉత్తరంలో రాసినట్టే ఆమె ప్రతి పళ్ళెం తానే అందుకుని, మిగిలినదాన్ని గరిటెతో మూడు డబ్బాల్లోకి గీకింది. రొట్టె మొదటిదాంట్లోకి, పచ్చి కూరముక్కలు రెండోదాంట్లోకి, పులుసు మూడోదాంట్లోకి. వెనక బల్ల మీది తూకంపై పెట్టి, మూతలు బిగించి, టీ పోయడానికి వెళ్ళింది. తొమ్మిది నిమిషాలు డబ్బాల దగ్గర ఎవరూ లేరు. నేను మూడో డబ్బా మూత తీసి, వెంట తెచ్చుకున్న విటమిన్ పొడి రెండు గ్రాములు కలిపాను. హాని లేనిది. ఎర్రటి పులుసులో కంటికి ఆనదు, కాని అతినీలలోహిత దీపం కింద పసుపుపచ్చగా మెరుస్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తరవాత ఆమె డబ్బాలతో సామాన్ల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సరిగ్గా ఇరవై నిమిషాలు లోపలే ఉంది. తలుపు తట్టవచ్చు. తడితే "పారబోయడానికే తెచ్చాను" అంటుంది, అది అబద్ధమని చూపించే దారి ఉండదు. నిజం రేపటి గిన్నెలో తేలాలి.

బుధవారం ఉదయం పదింబావుకు కిటికీ తెరలు దించి దీపం వెలిగించాను. మేనేజర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి సార్, దయ్యాల కోసమా?"

"దయ్యాలు మెరవవు" అన్నాను.

గిన్నెలు, ఫ్రిజ్‌లోని పాత్రలు, చేప ముక్కలు, కొబ్బరిపాలు, గరిటెలు, అన్నిటి మీదా దీపం ఆడించాను. ఎక్కడా మెరుపు లేదు. పెరట్లోని చెత్త డ్రమ్ము మూత తీస్తే సబ్బునీళ్ళ కింద పసుపుపచ్చగా మెరిసింది. పారబోసిన ఎంగిలి మీద సబ్బునీళ్ళు పోసేది వంటామేనని పిన్ని చెప్పింది, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా. ఉత్తరంలోని మొదటి వాక్యం అక్కడితో పోయింది. మిగతా మూడూ మిగిలాయి. పారబోయడానికి గడియ దేనికి?

దీపం మడిచి పెట్టుకుంటుండగా వంటామె వచ్చి తలుపు మూసింది.

"సార్, నిన్న మూడో డబ్బాలో ఏం కలిపారు?"

నేను దీపం సంచి బిగించాను.

"ఎత్తినప్పుడు ఆరువందల నలభై రెండు గ్రాములు. పారబోసేముందు ఆరువందల నలభై నాలుగు. తేమ ఆరితే తగ్గాలి గాని పెరగదు కదా! ఈ వంటింట్లో కొత్త మనిషి మీరొక్కరే. రేపు ఎవడైనా కడుపు పట్టుకుంటే నా మెడకి చుట్టడానికా?"

రాత్రంతా ఆమె నన్ను అనుమానించిందన్నమాట. పొడి పొట్లం చూపించాను. దాని మీది కాగితాన్ని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చింది. తరవాత సామాన్ల గది తలుపు తానే తీసింది.

లోపల ఒక తూకం, ఒక ముక్కాలిపీట, పద్నాలుగు నోటుపుస్తకాలు ఉన్నాయి. ప్రతి పేజీలో తేదీ, వంట, తిన్నవారి సంఖ్య, పళ్ళేల్లో మిగిలిన బరువు. పులుసు మొదటి పేజీలో 4,900 గ్రాములు ఉంది. ఆ తరవాత వారం ఉప్పు తగ్గించి 3,150. ఆ తరవాత నిమ్మరసం పెంచి 1,720. ఏడాది గడిచేసరికి ఏడువందల లోపుకు దిగి, అక్కడ నిలిచింది.

"ఇదే సార్ నా నాలుక" అంది. "ఆరేళ్ళ క్రితం జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన నాలుగో రోజు పొయ్యి మీద పాలు మాడి పొగ నిండితే పక్కింటావిడ వచ్చి తలుపు బాదింది. నేను పొయ్యి ముందే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. అప్పటినించీ వాసన లేదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టే. సగం తెలిసిన నాలుకని నమ్ముకుంటే వంట మొత్తం చెడుతుంది. అందుకే రుచి చూడను."

ఇంట్లో ఉండేది చెల్లెలూ, మరిదీ. వాళ్ళకూ చెప్పలేదు. "అక్క వంట తింటే గడియారాన్ని నమిలినట్టుంటుంది" అని చెల్లెలు వెక్కిరిస్తుందట, కారణం తెలియక.

వాసన పోయాక ఆమె పనివాళ్ళ తల్లులకు ఫోన్లు మొదలుపెట్టింది. మాటలు ఆ కొడుకులే మార్చి చెప్పేవారు. వెల్డర్ తల్లిని ఉప్పెంత అని అడిగితే "సరిపడా" అంది. సరిపడా అంటే ఎన్ని గ్రాములని అడిగితే, "మీ వంటామె పోలీసా?" అని నవ్విందట. చివరికి ఆ తల్లి నాలుగు లీటర్ల పులుసుకు వేసే ఉప్పును గుప్పిట పట్టి, వీధి చివరి కూరగాయల దుకాణంలో తూయించింది. అలా మూడుసార్లు. 34, 36, 35. పదహారు లీటర్లకు 140. ఐదేళ్ళుగా ఆ 140 మారలేదు.

"ఇదంతా రాస్తారా సార్?"

"మా పత్రంలో వంటవారి ముక్కుకు గడి లేదు. పచ్చి సరుకు చెడిపోయిందో లేదో చూసే మనిషి పేరుకు ఉంది. ఎవరు చూస్తారు?"

"తేదీ, వేడి నేను చూస్తాను. వాసన పిన్ని. 'నీ ముక్కు మంచిదే, కాస్త చూడు' అని రోజూ పొద్దున్నే ముక్కు కింద పెడతాను. పరాచికమనుకుంటుంది."

"ఆవిడ సంతకం కావాలి. కారణం తెలియకుండా సంతకం తీసుకోవడం కుదరదు."

ఆమె పీట మీద కూర్చుంది. ఎంగిలి నింద నుంచి బయటపడాలంటే ముక్కు సంగతి బయటపడాలి. ముక్కు సంగతి బయటపడితే మేనేజర్ ఉంచుతాడన్న నమ్మకం లేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఎంగిలి వడ్డించడం లేదని నేను అందరి ముందూ చెప్పాను. వెల్డర్ లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు.

"అయితే ప్రతి వారం ఒకే రుచి ఎలా వస్తుంది? మా అమ్మ వండితే ఒక వారం ఉప్పగా ఉంటుంది, ఒక వారం చప్పగా ఉంటుంది. చేతివంట ఎక్కడైనా ఇంతే. అక్క పులుసు మాత్రం ఐదేళ్ళుగా వెంట్రుకవాసి తేడా లేదు. పాతదే దాచి వేడిచేస్తే తప్ప అలా రాదు!"

"ఓహో, ఆకాశరామన్నవి నువ్వేనా!" అన్నాడు పెయింటర్. "ఇంట్లో ఉంటే మీ అమ్మ మీద కూడా అర్జీ పెట్టేవాడివే!"

నవ్వులు లేచాయి. వంటామె గరిటె కింద పెట్టింది.

"పాతది కాదు తమ్ముడూ. నాకు వాసన తెలీదు. ఆరేళ్ళయింది. అప్పుడు ఫోన్లో నువ్వు మార్చి చెప్పిన మీ అమ్మ గుప్పెడు ఉప్పు తూకం రాసి పెట్టుకున్నాను. ఒక్కనాటి సరదాకి అడిగాననుకున్నావేమో, వారం వారం అదే వేస్తున్నాను. అందుకే మారదు."

నవ్వులు ఆగిపోయాయి. కొబ్బరిపాల చేప తింటున్న ఇద్దరు పళ్ళేలు కాస్త ముందుకు నెట్టారు. పిన్ని మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నిన్న ముక్కు లేదా అన్నాను కదే తల్లీ!" అని గొణిగింది. నా పత్రం అందుకుని ముందుగా సంతకం చేసిందీ ఆవిడే.

మేనేజర్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ముక్కు పనిచెయ్యని మనిషి చేతిలో ముప్పై ఒక్కమంది పొట్టలు పెట్టానంటే నన్నేమంటారు? ఈ వారం నడవనీ. వచ్చే మంగళవారం పులుసు అందరూ తెలిసే తినండి. ఎంగిలి కిలో లోపుంటే ఈమె ఉంటుంది. దాటితే వేరే మనిషిని చూసుకుంటాను. ఆమె తూకమే ఆమెకి తీర్పు."

మార్చి 18న నేను పదకొండుకే వెళ్ళాను. మేనేజర్ అప్పటికే తూకం మీద విప్పని కిలో చక్కెర పొట్లం పెట్టి చూస్తున్నాడు. 1,008 చూపించింది.

"ఇదిగో, తూకంలోనే మోసముంది!"

"కవరు బరువు ఎనిమిది" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ రోజు ఉప్పు పిన్ని చేత వేయించింది, వెల్డర్ అన్న చేతివంటలా ఉండాలని, కొలత లేకుండా గుప్పిళ్ళతో. వేయకముందూ వేశాకా ఉప్పు డబ్బాను తూచడం మాత్రం మానలేదు. 151 పడింది. ఆమె మొహం అదోలా అయింది, కాని గిన్నెలోంచి తీయడానికి వీల్లేదు.

తినేవాళ్ళు మొదట చెంచా ముక్కు దగ్గర పెట్టుకుని, తరవాత నోట్లో పెట్టుకున్నారు. ఒకడు పులుసులో దేనికోసమో వెతికాడు. ఫిట్టర్ కడుపు బాగాలేదని సగం వదిలేశాడు. ఎవరూ దాచకుండా చెత్త డ్రమ్ము దగ్గర నేను నిలబడ్డాను. పిన్ని గబుక్కున మింగేస్తుందేమోనని మేనేజర్ ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"నన్నెందుకు బాబూ కాపలా కాస్తావు? ఆకలైతే గిన్నెలోదే తింటాను గాని, వీళ్ళ ఎంగిలి నాకెందుకు?"

పది పళ్ళేలకు 390. ఇరవైకి 655. ముప్పైకి 871.

మిగిలింది వెల్డర్ ఒక్కడే. రెండు గరిటెలు, అంటే దాదాపు అయిదువందల గ్రాములు పోయించుకున్నాడు. అందరూ లేచి వెళ్ళిపోయాక కూడా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెంచా బల్ల మీద బోర్లించి ఉంది. అతని గిన్నెలో ఎంత మిగిలిందో నేనున్న చోటి నుంచి కనబడలేదు. ఒంటిగంటా పది నిమిషాలకు లేచి వచ్చి గిన్నె ఆమె చేతికిచ్చాడు.

"ఇవాళ ఉప్పెక్కువైందక్కా."

"పదకొండు గ్రాములు" అంది ఆమె.

గరిటెతో ఆ గిన్నెను మూడో డబ్బాలోకి గీకి, డబ్బాను తూకం మీద పెట్టింది. మేనేజర్ వంగి చూశాడు. ఆమె పుస్తకం తెరిచి తేదీ, వంట, తిన్నవారి సంఖ్య వేసి, నాలుగో గడి నింపింది.

871.