నీళ్ల మీది నెపం

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల నడక ఏ కొంచెం తేడాగా ఉన్నా పెద్దవాళ్లు చెప్పే కారణం ఒకటే: నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లు మరి. నల్లా నీళ్లు వచ్చి ఏళ్లయినా ఆ మాట పోలేదు. ఫిజియోథెరపిస్టు అతియాకు పదేళ్లుగా పోట్లాట ఆ మాటతోనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కూడా అదే అంది. కుంటుతున్న రెండేళ్ల పిల్లను నడిపించి చూసి, నీళ్లు మార్చమని తల్లికి చెప్పి పంపింది. ఆ పిల్ల ఏడేళ్లప్పుడు మళ్లీ వచ్చింది. తుంటి కీలు తప్పి ఉంది. రెండు ఆపరేషన్లయినా కుంటు పూర్తిగా పోలేదు. ఆ తర్వాత ఏ పిల్లనూ బల్ల మీద పడుకోబెట్టి చూడకుండా అతియా పంపలేదు.

జనవరి చివరి మంగళవారం ఆమె పిల్లల్ని చూసే క్యాంపుకు గొర్రెల కాపరి రాజేశ్, అతని తల్లి బీరమ్మ వచ్చారు. రాజేశ్ భార్య రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బీరమ్మ చంకలోంచి దింపితే మనవరాలు, ఇరవై నెలల స్వర్ణ, ఒక పక్కకు ఊగుతూ నడిచి గోడ పట్టుకుంది.

"మా బోరు నీళ్లు కొట్టినయి బిడ్డా," అంది బీరమ్మ. "ఆర్నెల్ల సంది డబ్బ నీళ్లే తాపుతున్నం. జర టానిక్ రాసియ్యి, పోతం."

"నడక మారిందా అవ్వా?"

"ఏడ మారింది మేడం, ఇంకింత ఊగుతాంది," అన్నాడు రాజేశ్.

అతియా పిల్లను పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ మడిచి, పాదాలు పక్కపక్కన ఆనించింది. ఎడమ మోకాలు కుడిదానికంటే కిందికి ఉంది.

"ఏం కనిపిస్తాంది అవ్వా?"

"ఒకటి పొట్టిగున్నది."

"నీళ్లు ఒక్క కాలికే పోతయా?"

రాజేశ్ కిసుక్కున నవ్వాడు. "నవ్వకు. మీ నాయిన గూడ గిట్లనే అన్నిటికి నవ్వెటోడు," అని కసిరి, బీరమ్మ తనే పాదాలు సరిచేసి మళ్లీ చూసింది. తేడా అలాగే ఉంది.

అతియా ఒక అరచేతిని గిన్నెలా వంచి, రెండో చేతి పిడికిలి అందులో పెట్టింది. "తొడ బొక్క గుండు గిట్ల గిన్నెల కూసోవాలె. ఈమెది పక్కకు జరిగినట్టుంది. ఎక్స్‌రేల తేలుతది. అదే అయితే హైదరాబాద్ దవాఖానల గుండును మళ్ల గిన్నెల కూసోబెట్టి, నడుం కాడికెల్లి సిమెంటు కట్టు ఏస్తరు. మీరేం తప్పు చెయ్యలే."

"నొప్పే లేదాయె," అన్నాడు రాజేశ్.

"ఈ వయసుల నొప్పి ఉండదన్నా. అందుకే అందరు ఆగుతరు."

"ఎల్లుండి మంద తోలుకొని మేతకు కృష్ణ ఏటి దిక్కు పోతున్న. వానలు పడంగనే మర్లొస్త, అప్పుడు చూపిస్తం."

"గుండు లేని గిన్నె సాపైతది. ఎంత ఆగితే కోత అంత పెద్దది." అతియా ఏడేళ్ల పిల్ల సంగతి చెప్పింది. "నీళ్లే అని ఆ తల్లిని పంపింది ఎవరో కాదన్నా, నేనే."

బీరమ్మ పిల్లను ఎత్తుకుంది.

"మందను నీ తమ్ముడు తోల్కపోతడు."

"వానికి గొర్రేదో మేకేదో తెల్వదే అవ్వా!"

"తెలుసుకుంటడు తీయ్."

రాజేశ్ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. తమ్ముడితో చాలాసేపు గట్టిగా వాదించాడు. తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"ఎక్స్‌రే రేపు ఎన్ని గంటలకు మేడం?"