వదిన కూర్చున్న ఇసుక

మా ఇంట్లో పిల్లి తాకితే మడి చెడదు. కుక్క గడప తొక్కిందంటే ఇల్లంతా కడిగించే మా అవ్వ, పిల్లి వచ్చి మడి చీర మీద ముడుచుకుని పడుకుంటే మాత్రం "దానికేం తెలుసు, మూగజీవం" అనేది. పొయ్యి గట్టు మీద అదే, దేవుడి గూటి కింద అదే, పాలగిన్నె పక్కన అదే. ప్రొద్దుటూరులో మా ఇంట్లో అంత స్వేచ్ఛగా తిరిగిన ఆడప్రాణి మరొకటి లేదు. ఇప్పటికీ పిల్లిని చూస్తే నాకు ముద్దు రాదు, ఒళ్లు మండుతుంది. దాని తప్పేం లేదని తెలుసు. అయినా మండుతుంది.

అప్పటికి కర్నూలు మనకు రాజధాని. మా నాయన బడిపంతులు, అన్న తాలూకాఫీసులో గుమాస్తా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అందుకని ఇంటి పెత్తనమంతా నాయన తల్లిదే, అంటే అవ్వదే. అన్నకు పెళ్లయి రెండు మూడేళ్లవుతోంది. వదినది పులివెందుల. నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. నన్ను పాపా అని పిలిచేది, నా జడ వేసేది, అవ్వ లేనప్పుడు అవ్వలాగా నడిచి చూపించి నన్ను కడుపుబ్బ నవ్వించేది. ఆమెకు ఇంకా పిల్లలు పుట్టలేదు. నెలనెలా ఆమె బయట చేరగానే అవ్వ వంటింట్లోంచి "ఈ నెలా అంతేనా తల్లీ!" అని ఇరుగుపొరుగుకు వినబడేట్టు అనేది.

బయట చేరిన ఆడది పెరట్లో ఉన్న కొట్టంలో ఉండాలి. అమ్మ కాలంలో ఆ కొట్టాన్ని పేడతో అలికేవారట. అలకడానికి పనిమనిషి దొరకడం కష్టమై, అవ్వే పెన్న నుంచి బండెడు ఇసుక తోలించి కొట్టం నిండా పోయించింది. ఇసుకైతే అలికే పని లేదు, పైన నాలుగు చెంబులు నీళ్లు చల్లితే శుద్ధి అయిపోతుందని ఆమె లెక్క. ఎండ పడని చోటు, ఎప్పుడూ చెమ్మగా ఉండే మెత్తని ఇసుక. మనుషులు నెలకొకసారి వాడేది. మిగతా రోజులన్నీ అది పిల్లిది. గుంట తవ్వుకుని, పని కానిచ్చి, శుభ్రంగా కప్పేసి, అక్కడినుంచి నేరుగా వంటింట్లోకి పోయేది.

ఆ పిల్లి కడుపులో పురుగులున్నాయని మా అందరికీ తెలుసు. ఒళ్లంతా ఎముకలు, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. గడ్డి తిని పెరట్లో కక్కేది, కక్కినదాంట్లో తెల్లగా, దారాల్లా కదిలేవి. అవన్నీ ఎత్తిపోసేది వదినే. ఒకసారి ముక్కు మూసుకుని "దీన్ని యాడన్నా దూరంగా వదిలిపెట్టి రాకూడదా అవ్వా?" అంది. అంతే, అవ్వ లేచింది.

"అది యాడన్నా చస్తే ఆ పాపం ఎవురికి? బంగారు పిల్లిని చేయించి దానమియ్యల్ల. మీ నాయన ఇస్తాడా? కడుపులో పురుగులు ఎవురికి లేవు? ఈ పిల్లకి లేవా?" అని నన్ను చూపించింది. నాకు ఆదివారం ఆదివారం వేపాకు ముద్ద మింగించేది. పిల్లికి పాలబువ్వ పెట్టేది.

ఒక నెల వదిన కొట్టంలోంచి వచ్చి తలకు పోసుకున్నాక, కాలు గోక్కుంటూ నా దగ్గర కూర్చుంది. మడమ పక్కన సన్నని ఎర్రటి గీత. కొంచెం ఉబ్బి, వంకరటింకరగా ఉంది. మరుసటి రోజుకు అది కొంచెం ముందుకు జరిగింది. ఆ మరుసటి రోజు ఇంకొంచెం.

"చూడు పాపా, నా కాల్లో ఎవురో బండి తోలుకుని పోతాండారు" అని నవ్వింది. తర్వాత నవ్వు మానేసింది. దురదకు నిద్ర ఉండేది కాదు, గోకి గోకి రక్తం వచ్చేది.

అవ్వ చూసింది. చూసి రెండు చేతులూ చెంపలకు వేసుకుంది. "అయ్యో దేవుడా! ఇది పాము నడక. నాగదోషం! అందుకే కడుపు పండలా. ఇంతకాలం నాకు తట్టలేదు చూడు!" అంది. ఆ క్షణాన ఆమె మొహంలో దిగులు కన్నా సంతోషమే ఎక్కువ కనబడింది నాకు. ఇన్నాళ్లూ దొరకని కారణం దొరికింది కదా. ఆ రోజు నుంచి వదినతో పుట్టలో పాలు పోయించడం, పచ్చి పిండి నైవేద్యాలు, ఉపవాసాలు. తగ్గలేదు. తగ్గకపోతే పుట్టింటికి పంపేద్దామని అవ్వ నాయనతో అంటుంటే నేను విన్నాను. వదిన కూడా విన్నది. ఇంక ఆమెకు దురద బాధ కాదు, ఈ ఇంట్లో ఉంచుతారా లేదా అన్నదే బాధ.

చివరికి ఆమె అన్నను బతిమాలి, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. తోడుగా నన్ను పంపారు. అక్కడ ఒక పెద్దావిడ డాక్టరు. కాలు చూడగానే "ఇసుకలో కూర్చుంటావా అమ్మా?" అని అడిగింది. వదిన మొగుడి ముందు ఏం చెప్తుంది? తల వంచుకుంది. నేనే చెప్పాను, బయట ఉన్నప్పుడు పెరట్లో ఇసుకలో పడుకుంటుందని.

"ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉందా?"

"పిల్లి ఉంది. అది కూడా ఆ ఇసుకలోకే పోతాది" అన్నాను.

డాక్టరు అన్న వైపు తిరిగింది. "ఇది పిల్లి పేగుల్లో ఉండే పురుగు తాలూకు పిల్ల అప్పా. మలంతో ఇసుకలో పడుతుంది. తడి ఇసుకలో పొదిగి, ఆ ఇసుక తగిలిన చర్మంలోకి దూరుతుంది. పిల్లి ఒళ్లయితే దానికి దారి తెలుసు. మనిషి ఒళ్లు దానికి కొత్త, దారి తెలీక తోలు కిందే తిరుగుతా ఉంటుంది. వేరే ఏం లేదు" అంది. ఆ గీత కొస మీద ఏదో చల్లని మందు చిమ్మింది. చర్మం తెల్లగా గడ్డకట్టింది. వదిన పళ్లు బిగబట్టింది, అరవలేదు. "ఆ ఇసుక ఎత్తిపారేయించు. మంచమన్నా వేయించు. లేకపోతే మళ్లీ వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు నువ్వే చెప్పాలి" అని అన్నకు రెండుసార్లు చెప్పింది.

బస్సులో వదిన మొహం వెలిగిపోయింది. దోషం కాదు, పురుగు! పురుగంటే అంత ఆనందపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అవ్వ "ఏమన్నారు రా?" అంది. అన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ "మందేసినారు" అన్నాడు. అంతే. తాలూకాఫీసులో రైతుల మీద అరిచే నోరు అది! వదిన తలుపు చాటున నిలబడి అతన్నే చూస్తోంది. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను. పిల్లి, పురుగు, ఇసుక, అన్నీ.

అవ్వ నా చెంప మీద ఒకటి వేసింది. "నేను కూచోలేదా ఆ కొట్టంలో? మీ అమ్మ కూచోలేదా? మాకు రానిది దీనికే వచ్చిందా? దోషం దీంట్లో పెట్టుకుని పిల్లి మీద తోస్తాండారు!" అంది. మీరు కూర్చున్నప్పుడు కింద పేడతో అలికిన నేల కదా, ఈ ఇసుక పోయించింది నువ్వే కదా అని నేను అనేలోపే నాయన "లోపలికి పో" అని గద్దించాడు. బళ్లో పిల్లలకు అన్నింటికీ కారణాలు అడగమని చెప్పే పంతులు ఆయన.

మరుసటి నెల వదిన ఆ ఇసుకలోనే కూర్చుంది. ఎక్కడ కూర్చుంటుంది మరి? ఈసారి రెండు గీతలు వచ్చాయి, ఒకటి కాలి మీద, ఒకటి నడుం మీద. "ఆసుపత్రికి పోయొచ్చినా మళ్లీ వచ్చింది చూడండి. రోగమైతే మందుకు తగ్గల్ల" అని అవ్వ తీర్పు చెప్పేసింది. వదిన వాళ్ల నాయనకు కబురు పోయింది.

ఆయన పులివెందుల నుంచి వచ్చి, కనీసం మంచినీళ్లు కూడా తాగకుండా బిడ్డ పెట్టె ఎత్తుకున్నాడు. అన్న ఆ రోజు ఆఫీసులో పనుందని పొద్దున్నే వెళ్లిపోయాడు. వదిన పోతూ పోతూ నా జడ సర్దింది. "పాపా, నువ్వు పెద్దయినాక ఆ ఇసుకలో కూచోవద్దు. ఏడ్చన్నా మంచం అడుగు. నా మాట మర్చిపోవద్దు" అంది. పిల్లి గడప మీద పడుకుని ఉంది. దాన్ని దాటుకునే పోయింది.

పులివెందులలో ఆమెకు అన్నీ మానిపోయాయని కొన్నాళ్లకు కబురొచ్చింది. వాళ్లింట్లో ఇసుక లేదు, పిల్లీ లేదు, మానక ఏమవుతుంది? అదే ఆమె కొంప ముంచింది. "చూసినారా? మన గడప దాటంగానే పోయింది. ఆ పిల్లకూ మన ఇంటికీ పొసగదు. మళ్లీ తీసుకొస్తే ఈసారి వంశానికే ముప్పు" అంది అవ్వ. అన్న తలూపాడు. వదినను పిలవలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు నేను పెద్దమనిషినయ్యాను. కొట్టంలో కూర్చోబెట్టారు. వదిన చెప్పినట్టే ఏడ్చాను, మంచం కావాలన్నాను. ఎవరూ వినలేదు. వారం తిరక్కముందే నా చీలమండ దగ్గర ఎర్రటి గీత మొదలైంది. నేను దాచలేదు, కాలు చాపి అవ్వకు చూపించాను. "ఇది నాగదోషమేనా అవ్వా?" అని అడిగాను.

ఆమె మొహం పాలిపోయింది. "నోరు మూసుకో! పెండ్లి కావాల్సిన పిల్లవి. ఎవురితోనన్నా అన్నావంటే చూడు" అంది. ఆ మరుసటి రోజే కొట్టంలో ఇసుకంతా తవ్వి బయట పోయించారు. ఎర్రగుంట్ల నుంచి నల్లబండలు వచ్చాయి. కొట్టమంతా పరిపించి, సున్నంతో సందులు పూడిపించి, ఒక నులకమంచం కూడా వేయించారు. నాయన నన్ను స్వయంగా జమ్మలమడుగు తీసుకుపోయి మందు వేయించాడు. పాము మాట, పుట్ట మాట, పాల మాట ఎవరి నోటా రాలేదు.

"అయితే వదినను పిలిపిస్తారా?" అని అందరూ ఉన్నప్పుడే అడిగాను. అన్న అన్నం కలుపుతున్నవాడు చేయి ఆపాడు. అవ్వే జవాబు చెప్పింది, నా మొహం చూడకుండా. "ఇప్పుడు పిలిస్తే ఊర్లో ఏమనుకుంటారు? అప్పుడు మేము చెప్పింది అబద్ధమనుకోరా?" అంది. అన్న మళ్లీ అన్నం కలుపుకున్నాడు. పిల్లి అతని పళ్లెం పక్కనే కూర్చుని ఉంది.

చాలా ఏళ్ల తర్వాత, నా పెళ్లయ్యాక, పులివెందుల బస్టాండులో వదిన కనబడింది. కాపురం లేదు, పిల్లలు లేరు. తమ్ముళ్ల ఇంట్లో వండిపెడుతోంది. నన్ను గుర్తుపట్టి నా చేతులు పట్టుకుంది. అన్న ఎట్లున్నాడని అడగలేదు. అవ్వ ఉందా పోయిందా అని కూడా అడగలేదు.

"ఆ ఇసుక తీసేసినారా పాపా?" అని అడిగింది.

"తీసేసి బండలు పరిపించినారు వదినా."

"ఎప్పుడు?"

నా కాలి మీద గీత అవ్వ చూసిన మరుసటి రోజే అని చెప్పాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్క వేసుకుంది. తర్వాత వంగి, నా చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, చీలమండ చూసింది. గీత ఆనవాలు కూడా లేదు.

"మంచిదే పాపా. నీకోసమన్నా బండలు వేసినారు" అంది. అంతకన్నా నన్ను తిట్టిపోసి ఉంటే బాగుండేది.