తెల్ల రాయి కింద డబ్బా

అబుదాబి పక్క బనియాస్‌లో ఊరికి సామాను పంపే కార్గో కొట్టుకి వెళ్ళినప్పుడల్లా ముందు నా ముక్కుకి తగిలేది స్టాంపు ప్యాడ్ సిరా వాసన. నా నెరిసిన తల చూసి కౌంటర్ దగ్గరి మనిషి అడగకుండానే వేలిముద్రకి ప్యాడ్ ముందుకి తోస్తాడు. "అమ్మా, అంగూఠా." ఆ వాసనకి గ్రేసక్క గుర్తొస్తుంది. నోరు చేదెక్కుతుంది.

ఇక్కడికి రాకముందు షార్జాలో ఆవిడ ఇంట్లో వంట చేస్తూ, పాప షైనీని చూసుకునేదాన్ని. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ గోదావరి పక్కే. నాకంటే చిన్నదే అయినా, "మేడమ్ ఏంటి నూకరత్నం, పరాయిదానిలా? అక్కా అను" అంది మొదటి రోజే. యాభై దగ్గరపడ్డ నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు లాగుతున్నా, పోపు సామాన్ల డబ్బాల మీద పేర్లు రాసి అంటించేది. జీలకర్ర తెమ్మనేది. నేను మూత తీయబోతే చేతి మీద ఒక్కటి వేసేది. "వాసన చూస్తున్నావా, దొంగా! చదువు." నా పేరులో 'త్న' ఎంతకీ లొంగేది కాదు. నా చెయ్యి పట్టుకుని రాయించేది. "కింద వత్తు. వత్తు మర్చిపోకు." నా పేరు నేనే రాసిన రోజు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక జన్మలో ఎక్కడా వేలెయ్యకు" అంది.

కరోనా తగ్గాక వచ్చిన చలికాలంలో అందరం కారులో రస్ అల్ ఖైమా కొండలకి వెళ్ళాం. అక్క స్నేహితులకి ఒక ఆట ఉండేది. ఒకరు కొండల్లో చిన్న డబ్బా దాచి ఆనవాళ్ళు రాసి పంపుతారు. కనిపెట్టినవాళ్ళు అందులోని పుస్తకంలో తమ ముద్ర వేసి, డబ్బాని మళ్ళీ అక్కడే దాచాలి. ఎవరి ముద్ర వాళ్ళు రబ్బరు మీద చెక్కుకోవాలి. అక్కది దీపం, షైనీది సీతాకోకచిలుక, వాళ్ళ నాన్న, మా సార్‌ది కారు. నాకెవరూ చెక్కలేదు. పర్లేదనుకున్నాను, నాకు పేరుంది కదా. దారంతా ఒళ్ళో వేలితో దాన్నే దిద్దుకుంటూ కూర్చున్నాను.

పొద్దున్నుంచీ ఒక్క డబ్బా దొరకలేదు. చలిగాలికి షైనీ ముక్కు ఎర్రబడింది. చివరి ఆనవాళ్ళు అక్క తెలుగులో రాసి నా చేతికిచ్చింది. "ఇది నువ్వు చదువు, చూద్దాం." కూడబలుక్కున్నాను. ఎండిన వాగు దాటాక తుమ్మ చెట్టు. దాని వెనక తెల్ల రాయి. రాయి కింద చెయ్యి పెడితే నల్ల టేపు చుట్టిన డబ్బా తగిలింది.

"ఆంటీకి దొరికింది!" అని షైనీ గంతులేసింది.

ముగ్గురూ ముద్రలు వేశారు. నేను పెన్ను తీశాను.

"రాయకు నూకరత్నం. వంకరటింకరగా పేజీ పాడవుతుంది, మావాళ్ళంతా చూస్తారు." అక్క నవ్వుతూ ప్యాడ్ ముందుకి తోసింది. "నీ ముద్ర నీ దగ్గరే ఉందిగా. వెయ్యి."

సార్ పగలబడి నవ్వాడు.

"ఆంటీకి రాయడం వచ్చు కదా మమ్మీ?"

"ఊరుకోవే, జోకు."

వేలేశాను.

ఆనవాళ్ళు నేనే చదివానని అక్క స్నేహితులకి చెప్పినట్టుంది, తిరిగొస్తుంటే ఆవిడ ఫోన్‌కి మెసేజ్‌లు టింగు టింగుమని వచ్చాయి. "చూడు, నిన్ను ఎంత మెచ్చుకుంటున్నారో" అని నా ముందు పెట్టింది. ఆవిడ నేర్పిన అక్షరాలతోనే చదివాను. 'పనిమనిషికి కూడా చదువు చెప్పావంటే నీది ఎంత మంచి మనసు గ్రేస్.' అన్నీ అలాంటివే. నా పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు కౌంటర్ మీద ప్యాడ్ వెనక్కి తోసేస్తాను. "పెన్ దో భాయ్." వెనక వరుసలో యల్లా, యల్లా అని సణుగుతారు. నేను తొందరపడను. 'త్న' దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ చెయ్యి వచ్చి నా చేతి మీద పడుతుంది. విదిలించుకోవాలని చాలాసార్లు చూశాను. ఆ చెయ్యి లేకుండా ఆ అక్షరం నాకు ఇప్పటికీ రాదు.