మోటారు తాళం నా బొడ్లోనే ఉంది

రోజుల లెక్కన గదులు అద్దెకిచ్చేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమంది మా అమ్మాయి. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం తప్ప రాత రాదు. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. కొత్తవాళ్ళ కోసం ఇలాంటి సలహాలు ఫోన్లో ఇప్పటికే చాలా ఉన్నాయట. ఉతికిన దుప్పట్లు వేయండి, కొత్త సబ్బు పెట్టండి, ఆధార్ కాగితం తీసుకోండి, బండి ఎక్కడ పెట్టాలో ముందే చెప్పండి. అవన్నీ నేను చేశాను. చేసి కూడా చెడ్డపేరు తెచ్చుకున్నాను. ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళు ఆ ఫోన్లో ఒక్కరూ లేరు. నా మంట అదే.

మాది నరసరావుపేట, కల్యాణ మండపం వెనక సందు. మా ఆయన ఉన్నప్పుడు పైన రెండు గదులు వేశాడు. ఆయన పోయాక ఖాళీగా పడి ఉంటే మా అమ్మాయి ఫోటోలు తీసి ఫోన్లో పెట్టింది. అది చిలకలూరిపేటలో మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. ఎవరొస్తున్నారో అక్కడి నుంచే చెబుతుంది, మిగతా పనంతా నాది. వచ్చేవాళ్ళు ఎక్కువగా పెళ్ళిళ్ళవాళ్ళే. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా నేను రెండు పూటలా తింటున్నానంటే ఆ గదుల వల్లే.

మొదటిసారి పెళ్ళివాళ్ళు దిగిన రోజు, ఎదురింట్లో ఉండే మా ఆడపడుచు పట్టుచీర కట్టుకుని వచ్చేసింది.

"ఒదినా, వాళ్ళు శుభానికి వచ్చినోళ్ళు. నువ్వు ఎదురు పోతావా ఏంది? తాళం ఇటియ్యి, నేనిస్తా."

"ఇల్లు నాది కదమ్మాయ్."

"ఇల్లు నీదే. మొహం చూసుకో మరి."

తన అన్న పోయినందుకే నా బొట్టు తీశారు, ఆ మాటంది ఆయన సొంత చెల్లెలు. అయినా తాళం ఇచ్చాను. ఎందుకంటే నేనూ అలాగే నమ్మాను. మా అమ్మ కూడా ఊళ్ళో పెళ్ళి అంటే తలుపేసుకునేది. అప్పటి నుంచి ఎవరొచ్చినా మా ఆడపడుచు నా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం, నేను వంటింట్లో ఉండటం. "ఒదినా, నాలుగు టీ" అని కేకేస్తుంది. నేను కాచి తలుపు సందులోంచి ఇస్తాను, తను తీసుకెళ్ళి ఇస్తుంది. ఆంటీ చాలా మంచివారు, టీ బాగా పెడతారు అని జనం ఫోన్లో రాశారు. ఆ ఆంటీ నేను కాదు.

ఆ మాఘమాసంలో వెల్దుర్తి వైపు నుంచి మగపెళ్ళివాళ్ళు పది మంది దిగారు. మా ఆడపడుచు సాయంత్రం తాళం ఇచ్చి, తన చుట్టాల పెళ్ళి పేరంటానికి అమరావతి వెళ్ళిపోయింది. పొద్దున్నే ట్యాంకు అయిపోయింది. మోటారు స్విచ్చి డబ్బా వరండా గోడకుంది. దానికి మా ఆయన వేసిన తాళం, ఆ తాళం చెవి నా బొడ్లో. వరండా నిండా వాళ్ళు.

"పిన్నీ, నీళ్ళైపోయినయ్. మోటారెయ్యండి," అన్నాడొకాయన.

"ఏస్తా నాయనా. మీరంతా కాసేపు పైకి పోండి."

"పైకి పోయి ఏం జేస్తాం? పిల్లోడు ఒంటి నిండా నలుగు పెట్టుకుని కూసున్నాడు."

ఇంకొకడు నవ్వుతున్నాడు. "తలుపు తియ్యదేందిరా ఈమె? లోపల కోడిని పొదగేసిందా?"

వాళ్ళు వరండా వదల్లేదు, నేను వంటిల్లు వదల్లేదు. కిటికీలోంచి తాళం చెవి ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. గాజుల్లేని చెయ్యి కనపడినా ఎదురొచ్చినట్టే అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని. చివరికి తాగే నీళ్ళ క్యాన్లు తెప్పించి పెళ్ళికొడుక్కి మంగళస్నానం చేయించారు. వాళ్ళంతా మండపానికి వెళ్ళాక బయటికొచ్చి మోటారు వేశాను. ట్యాంకు నిండి నీళ్ళు సందులోకి పారాయి, పోసుకునే మనిషి లేడు.

మూడో రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి, వాళ్ళు ఫోన్లో రాసింది చదివి వినిపించింది. ఐదు నక్షత్రాలకు ఒకటే ఇచ్చారు. ఇంట్లో ఉండి కూడా తలుపు తీయలేదు, నీళ్ళడిగితే బయటికి రాలేదు, మనుషులంటే గిట్టనివాళ్ళు గదులు అద్దెకు పెట్టకూడదు అని రాశారు. ఇలాంటిది ఇంకొకటి వస్తే మా ఇల్లు ఫోన్లోంచి తీసేస్తామని, గదులు చూపించే కంపెనీవాళ్ళ హెచ్చరిక.

"ఎందుకు తలుపు తియ్యలేదమ్మా?" అని అడిగింది. చెప్పాను. అది ఆ పెళ్ళివాళ్ళ నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టింది.

"నాయనా, నేను మొగుడు పోయినదాన్ని. పెళ్ళికొడుక్కి ఎదురు రాగూడదని లోపలున్నా. మీ మంచి కోసమే."

"మా మంచా? క్యాన్ల నీళ్ళతో తానం చేయించాం పిన్నీ. మేం నీళ్ళడిగాం. శకునం ఎవరడిగారు నిన్ను?"

పెట్టేశాడు. రాసింది చెరపలేదు.

అవును, ఎవరడిగారు? ఆ దుప్పట్లు నేను ఉతికినవే. ఆ టీ నేను కాచిందే. వాళ్ళు పడుకున్న గది నేను తుడిచిందే. వాటిలో దేనికీ అంటని దోషం నా మొహానికి మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదని నా మీద నాకే ఒళ్ళు మండింది.

తర్వాత మాచర్ల నుంచి ఆడపెళ్ళివాళ్ళు వచ్చారు. మా ఆడపడుచు మళ్ళీ పట్టుచీరలో వచ్చి చెయ్యి చాపింది.

"నా దగ్గరే ఉంటది," అన్నాను.

"ఏదన్నా జరగరానిది జరిగితే నీ మీదకొస్తది ఒదినా."

"నీళ్ళు రాకపోతే నా మీదకే వచ్చింది. అప్పుడు నువ్వు అమరావతిలో పప్పన్నం తింటన్నావు."

తను వెళ్ళి ఎదురుగా తన గేటు దగ్గర నిలబడింది, ఏం జరుగుతుందో చూద్దామని. నేను నా గేటు దగ్గర నిలబడి తాళం నా చేత్తోనే ఇచ్చాను. వాళ్ళు తీసుకుని మామూలుగానే పైకెక్కారు.

మర్నాడు వాళ్ళు మండపానికి బయల్దేరే వేళకు మోటారు ఆపడానికి వరండాలోకి వచ్చాను. ముందు నడుస్తున్న పెళ్ళికూతురి తాత నన్ను చూసి ఆగాడు. వెనక్కి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శకునం బాగాలేకపోతే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళడం మా వైపు ఆనవాయితీ. ఆయన ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసు, అందరికీ తెలుసు. నా కాళ్ళు వాటంతట అవే వంటింటి వైపు వెళ్ళాయి. వెళ్ళినదాన్ని తలుపు వేసుకోలేదు. చెంబు నిండా నీళ్ళు ముంచుకుని తిరిగొచ్చాను.

"తాగండి బాబాయ్. ఇయ్యి కూడా నేను పట్టిన నీళ్ళే."

ఆయన చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు.

"తాగు తాతా, ముహూర్తం దాటిపోద్ది," అంది పెళ్ళికూతురు.

తాగాడు. చెంబు నా చేతికే ఇచ్చి వెళ్ళాడు.

కొత్తగా గదులు ఇచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. తాళం మీ చేత్తో ఇవ్వండి. మొహం చాటేస్తే వచ్చినవాళ్ళు దాన్ని మర్యాద అనుకోరు.

మాచర్లవాళ్ళు ఫోన్లో రాసింది రెండే ముక్కలు. నీళ్ళకు లోటు లేదు, ఇంటావిడ పిలిస్తే పలుకుతారు. మా అమ్మాయి రెండుసార్లు చదివింది. మూడోసారి వరండాలోకి వెళ్ళి, ఎదురింటికి వినపడేట్టు చదవమన్నాను.