నా చేతికి పలకని ఇంజన్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ళతో గొడవ పెట్టుకునే రకం నేను. క్యాసంబళ్ళిలో నాది మోటార్ రిపేరు షాపు. ఇంజన్ స్టార్టు కాలేదంటే పెట్రోలు అందక, గాలి అందక, లేదా నిప్పురవ్వ పడక. నాలుగో కారణం నేనెన్నడూ చూడలేదు.

ఆ ఏడు వానలకు మా దగ్గరి బేతమంగళ చెరువు నిండింది. ఒక పొద్దున వలలు వేసే మునిరాజు తెప్ప నడి నీళ్ళలో బోల్తా పడింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. పని మీద అక్కడే ఉన్న నన్ను పిలిచి గట్టున ఉన్న సర్కారు రక్షణ మోటారు పడవ ఎక్కించారు.

తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ పట్టుకోలేదు. రబ్బరు బుడ్డ పిసికి పెట్రోలు పంపాను. ట్యాంకు మూత మీది గాలి మర వదులు చేశాను. ఊడితే ఇంజన్ ఆపేసే సేఫ్టీ తాడు తగిలించే ఉంది. మళ్ళీ తిప్పాను. అదే. అవతల మునిరాజు చెయ్యి ఊపడం కనిపిస్తూనే ఉంది.

ఈతొచ్చినవాళ్ళు ఇద్దరు దూకారు. వాళ్ళు సగం దూరం పోయేసరికి అక్కడ తెప్ప ఒక్కటే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పడవ వచ్చిన రోజున దానితో ఫొటోలు దిగి, తర్వాత టార్పాలిన్ కింద పడేసిన అధికారిని ఊరందరి ముందు కడిగేశాను. ఇంజన్ విప్పి షాపుకు తెచ్చి, నీళ్ళ డ్రమ్ములో దించి షాపు కుర్రాడి చేత తాళం తిప్పించాను. మొదటిసారికే పట్టుకుంది. గంటసేపు ఆగకుండా ఆడింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

తర్వాతి వారం, మధ్యాహ్నం పూట, మళ్ళీ పడవకు బిగించాను. కొత్త ప్లగ్గులు, కొత్త పెట్రోలు, నిండు బ్యాటరీ. సెల్ఫ్ తిరిగింది. పట్టుకోలేదు. ప్లగ్గు విప్పి చూస్తే రవ్వ నీలంగా, బలంగా పడుతోంది. స్పానరుతో మూత మీద కొట్టి నోటికొచ్చినట్టు తిట్టాను.

తలెత్తితే గట్టు మీద మునిరాజు భార్య రత్నమ్మ. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"రవ్వంత జరుగప్పా, నేను తిప్పతా" అంటూ పడవలోకి దిగింది.

ఆమె ఎన్నడూ ఇంజన్ ముట్టిన మనిషి కాదు. తాళం ఎటు తిప్పాలో నేనే చూపించాను. తిప్పింది. పట్టుకుంది.

ఆపి నేను తిప్పాను. లేదు. ఆమె తిప్పింది. పట్టుకుంది. నాలుగుసార్లు అట్లాగే. ఆమె వేళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండా చూశాను. నేను చేసిందానికీ ఆమె చేసిందానికీ తేడా లేదు.

"ఇంతకు ముందర దీన్ని చూసినోళ్ళు ఎవరప్పా?" అని అడిగింది.

మూడు నెలల కిందట ఆ అధికారి తొందరపెడితే, మూత కూడా తీయకుండా, సర్వీసు చేశానని కాగితం మీద సంతకం పెట్టింది నేనే. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పాను.

తిట్టి ఉంటే బాగుండేది. "అందరి మిందా అరస్తా ఉండావే. ఇంగ ఈ మాట కూడా పోయి చెప్పు" అని గట్టెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఆ అధికారి ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. పడవ సర్వీసు చేసే పని నా చేతిలోంచి పోయింది. ఇప్పుడు కోలారు నుంచి ఒక మెకానిక్ వచ్చి చూస్తున్నాడు. ఆయన చేతికి ఒక్క తిప్పుకే పట్టుకుంటుంది.

పోయిన నెల ఆయన ఎదురుగానే మరోసారి నేను తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, అంతే. ఆయన నా చేతిలోంచి తాళం తీసుకుని తిప్పాడు. పట్టుకుంది.