నీటి మీద మూడు దెబ్బలు

నా ఎమ్మెస్ పట్టా మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషిని నేను. ఆ పట్టా పట్టుకుని అబద్ధం ఆడతానా? నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాదు.

ముందు సంతోషం సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. మే నెలలో పట్టా చేతికొచ్చింది. జూన్ ఆఖర్లో ఒక గురువారం మధ్యాహ్నం ఇక్కడే, ట్రాయ్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. కార్ల విడిభాగాల కంపెనీ. ఆఫర్ లెటర్ చదివి కిచెన్‌లో గంతులేశాను. కుక్కర్ కూడా నాతోపాటే కూతపెట్టింది! వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. స్విచాఫ్. అక్కడ, మన దేశంలో, అర్ధరాత్రి. పడవేసుకుని కృష్ణలో వేటకెళ్ళి ఉంటాడు. మెసేజ్ పెడితే ఆయన చదవలేడు. నా నోటితో నేనే చెప్పాలి.

మర్నాడు తెల్లవారుజామున చేపల వేటకి రాజేంద్ర అంకుల్ కారెక్కాం. అంకుల్ మాకు గుళ్ళో పరిచయం. ఇంజనీరుగా రిటైరై, ఏటా వేసవంతా గాలమేసుకుని నదుల వెంట తిరిగే మనిషి. నేను, నా క్లాస్‌మేట్ సందీప్. సందీప్‌ది కరీంనగర్. కార్లోంచి నాన్నకి మళ్ళీ రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. మూడు గంటలు ఉత్తరానికి వెళ్ళేసరికి సిగ్నలే పోయింది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది... అది గుర్తుపెట్టుకోండి.

ఆ రెండు రోజులూ పగలంతా చంపడమే. నది సన్నది, నీళ్ళు టీ రంగులో ఉంటాయి. ట్రౌట్ చేప పడగానే అంకుల్ నడుముకి వేలాడే చిన్న కర్ర తీసి తలమీద ఒకటి వేస్తాడు. టక్. అంతే. చేప వణికి ఆగిపోతుంది. ఆ కర్ర నాకిచ్చాడు. నాకు చేప కొత్తా? కానీ ఆ గట్టి చేప అరచేతిలో కొట్టుకుంటుంటే దెబ్బ జారింది. రెండు, మూడు, నాలుగు దెబ్బలు వేశాను. రక్తం నా కళ్ళద్దాల మీద పడింది.

"ఒక్క దెబ్బమ్మా! దాన్ని హింస పెట్టకు," అన్నాడు అంకుల్.

"ఉద్యోగమొచ్చిన జోరు గది అంకుల్, చేప మీద తీర్చుకుంటుంది," అన్నాడు సందీప్.

మధ్యలో ఒక బంగారుతీగ చేప పడింది. అంకుల్ మొహం చిట్లించి, దాన్నిండా ముళ్ళే, వదిలెయ్ అన్నాడు. నేను వదల్లేదు. రాత్రికి చింతపండు పోసి పులుసు పెట్టాను. అంకుల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారి మమ్మల్ని చూసి ఆగాడు.

ఆదివారం తిరుగు ప్రయాణం. శనివారం రాత్రే అసలు వేట అన్నాడు అంకుల్. జూన్ ఆఖర్లో ఈ నదుల అడుగు బురదలోంచి వేలెడంత ఈగలు పైకి లేస్తాయట. పగలంతా దాక్కునే పెద్ద ట్రౌట్‌లు చీకట్లో వాటి కోసం వస్తాయట. లైటు వెయ్యకూడదు. మాట్లాడకూడదు. ఛాతీ లోతు నీళ్ళకు పనికొచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని నదిలో నిలబడాలి. చేప ఈగని మింగిన చప్పుడు ఎటు వినపడితే అటు గాలం విసరాలి.

"మరి ఎవరికైనా ఏదైనా అయితే?" అన్నాను.

అప్పుడు మా నాన్నవాళ్ళ పద్ధతి నేనే చెప్పాను. నేనే. రాత్రి నది మీద పేరు పెట్టి పిలవరు. తెడ్డు పలక నీటి మీద చరుస్తారు. మూడు చరిస్తే, ఆపదలో ఉన్నాను రండి అని. దగ్గరికి చేరినవాడు ఒకటి చరుస్తాడు, వచ్చాను అని. ఇక పని అయిపోయి వెళ్ళేటప్పుడు రెండు. రెండు వినపడేదాకా వచ్చినవాడు అక్కడే ఉన్నట్టు లెక్క.

"మనకి తెడ్డు లేదు కాబట్టి అరచెయ్యి," అన్నాడు అంకుల్. సందీప్ టేబుల్ మీద మూడు కొట్టి, "పులుసు మిగిలిందా? ఆపదల ఉన్న!" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

పది దాటాక నీళ్ళలోకి దిగాం. పైన మలుపులో అంకుల్. కింద యాభై గజాల దూరంలో సందీప్. మధ్యలో నేను. చీకటంటే... నా చెయ్యి నాకే కనపడలేదు. ఈగలు మొహానికి తగులుతున్నాయి. చెవి మీద ఒకటి, పెదవి మీద ఒకటి. నీళ్ళలో... గుళుక్. కాసేపాగి... గుళుక్. ఒళ్ళు జలదరించే ఆనందం అది. ఎడమగా ఒక బరువైన చప్పుడు. ఇంకో అడుగు వేస్తే గాలం అందుతుందనిపించింది.

వేశాను. కింద నేల లేదు.

గుంట. నీళ్ళు గడ్డం దాకా వచ్చి, ప్యాంటు పైఅంచు మీంచి లోపలికి దూకాయి. మంచు లాంటి నీళ్ళు. కాళ్ళు సిమెంటు బస్తాల్లా అయిపోయాయి. అరుద్దామంటే నోట్లోకి నీళ్ళు. మీరు నమ్మరు, ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే. నాన్నకి ఇంకా చెప్పలేదు... ఉద్యోగమొచ్చిందని చెప్పకుండానే పోతున్నాను.

చెయ్యెత్తి చరిచాను. తప్. తప్. తప్.

ఈగల చప్పుడు ఆగిపోయింది. నిజంగా. చేపల చప్పుడు కూడా.

తర్వాత... నా కుడి చెవి పక్కనే... తప్.

ఒకటి. నీళ్ళు నా చెంప మీద చిందాయి. అంత దగ్గర.

"సందీప్..." అన్నాను. నా మణికట్టు దొరికింది దానికి. గట్టి పట్టు. నీళ్ళకన్నా చల్లగా, నున్నగా. లాగింది. ఒక్క ఊపున నా పాదాలకి గులకరాళ్ళు తగిలాయి. నడుము లోతులో నిలబడి దగ్గుతున్నాను. పట్టు వదల్లేదు. "థాంక్స్‌రా," అన్నాను. జవాబు లేదు. ఊపిరి చప్పుడు లేదు. నేనొక్కదాన్నే రొప్పుతున్నాను.

అప్పుడు కింద నుంచి, దూరంగా, సందీప్ గొంతు:

"దుర్గా! ఏమైందే? కొట్టింది నువ్వేనా? ఆగు, వస్తున్న!"

నా పక్కనున్నది కదల్లేదు.

నడుముకున్న కర్ర తీశాను. కొట్టాను. ఎక్కడ తగిలిందో తెలియదు. మెత్తగా తగిలింది. మళ్ళీ కొట్టాను. గట్టిగా తగిలింది. టక్. అది విదిలించుకోలేదు. అదే నాకు పిచ్చెక్కించింది. కొడుతూనే ఉన్నాను. పైనుంచి, పక్కనుంచి, రెండు చేతుల బలమూ ఒక్క చేతిలోకి తెచ్చుకుని. ఏదో వెచ్చగా నా మొహమ్మీద పడింది. ఏడోదో ఎనిమిదోదో దెబ్బకి పట్టు ఊడింది. నది ఒక్కసారిగా తిరగబడింది. ఎద్దు దొర్లినట్టు నీళ్ళు లేచాయి. నన్ను తోసి పడేసింది. సందీప్ అరుపు. మాటలు కావు, ఒట్టి అరుపు. ఆ అరుపు నీళ్ళలోకి వెళ్ళి, పైకొచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. నేను అటు పాకుతూ, కనపడని దాన్ని కొడుతూ, కర్ర విరిగేదాకా...

లైటు. అంకుల్ ఒడ్డు మీంచి లైటు వేశాడు.

నీళ్ళు మామూలుగా పారుతున్నాయి. సందీప్ జుట్టు నా ఎడమ చేతిలో ఉంది. వాడి కుడి చెయ్యి మోచేతి కింద తప్పుడు దిక్కుకి వంగి ఉంది. నుదురు చీలి రక్తం కారుతోంది. నా చేతిలో సగం కర్ర.

ఆసుపత్రికి గంటన్నర దారి. సందీప్ వెనక సీట్లో మూలుగుతూ ఒకటే మాట. "నేను నీ దగ్గరికి రానే లేదు దుర్గా. మధ్యలనే ఏదో గుద్దింది."

అంకుల్ మాత్రం అదేం కాదన్నాడు. "ఈ నదిలో బీవర్లుంటాయమ్మా, పలకలాంటి తోకున్న నీటి జంతువులు. బెదిరితే తోకతో నీళ్ళని చరుస్తాయి, అచ్చం అరచేత్తో కొట్టినట్టే. అదే నువ్వు విన్నది. నిన్ను లాగింది సందీపే. భయంలో వాణ్ణే కొట్టావు. దెబ్బ తగిలినవాడికి ఏం గుర్తుంటుంది?"

అలాగే అయ్యుండొచ్చు. అలాగే అనుకుంటే నా స్నేహితుడి చెయ్యి విరగ్గొట్టింది నేను. కాదనుకుంటే... నన్ను కాపాడిన దాన్ని కొట్టింది నేను. రెంటిలో ఏది నయమో మీరే చెప్పండి. నా మణికట్టు మీద వారం రోజులున్న మచ్చలకి ఫోటో తీసి పెట్టుకున్నాను. ఒక వైపు నాలుగు. రెండో వైపు బొటనవేలి మచ్చ లేదు.

తెల్లారాక ఆసుపత్రి బయట సిగ్నల్ వచ్చింది. నాన్న ఎత్తాడు. ముందు ఉద్యోగమే చెప్పాను. నాన్న ఫోన్ పక్కన పెట్టి వీధిలోకి అరిచాడు, "మా అమ్మాయికి ఉజ్జోగం వచ్చిందిరోయ్!" ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, రక్తం మరకల చొక్కాతో, నేను నవ్వుతూ ఏడ్చాను.

తర్వాత రాత్రి సంగతి చెప్పాను. బీవర్ గురించీ చెప్పాను. నాన్న అన్నీ విన్నాడు.

"ఒకటి కొట్టిందా?"

"కొట్టింది నాన్నా."

"నిన్ను గుంటలోంచి లాగింది."

"ఆ..."

"నువ్వేమో కర్రెట్టి కొట్టావు."

అవతల పడవల ఇంజను చప్పుడు వినిపించింది.

"పోయేటప్పుడు రెండు కొట్టిందా అమ్మాయ్?"

వెతుక్కున్నాను. అరుపులు, నీళ్ళు, కర్ర విరిగిన చప్పుడు... "లేదు నాన్నా."

నాన్న ఇంకోటి అడిగాడు. "నీ ఆఫీసు నీళ్ళకి దూరమే గదా?"

దూరమే అన్నాను. ఉద్యోగంలో చేరి ఇప్పటికి రెండు వారాలైంది. నా సీటు పక్క కిటికీలోంచి చూస్తే వెనక వాననీటి చెరువు కనపడుతుంది. బాతులుంటాయి. సాయంత్రం అందరూ వెళ్ళాక రోజూ పది నిమిషాలు ఆ గట్టు మీద నిలబడుతున్నాను. రెండు దెబ్బలు వినపడి అది వెళ్ళిపోతే బాగుండనుకుంటాను. గాలికి నీళ్ళు ఒడ్డుని తాకిన ప్రతిసారీ, అది ఇక్కడిదాకా వచ్చి ఉండకూడదనీ అనుకుంటాను.

నాన్నకి ఆ చెరువు సంగతి ఇంకా చెప్పలేదు.